దాత వెళ్ళిపోయాక ఎవరు నడుపుతారు?



మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఆరోగ్యానికి, చదువుకు స్వచ్ఛంద సంస్థలు చేస్తున్న సాయం గురించి వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. ఇలాంటి వ్యాసాలు మామూలుగా ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఫలానా సంస్థ ఫలానా సంవత్సరంలో పుట్టింది, ఇన్ని కళ్ళద్దాలు పంచింది, ఇన్ని నోటు పుస్తకాలు ఇచ్చింది, వారికి మన కృతజ్ఞతలు. కృతజ్ఞత చెప్పడం మంచిదే. కానీ హాస్టల్లో పెరిగినవాళ్ళం కాబట్టి దానం అనేది పుచ్చుకునే చేతి వైపు నుంచి కూడా మనకు తెలుసు. అందుకని పొగడ్తలు పక్కన పెట్టి ఒకే ఒక ప్రశ్న పట్టుకుని రాస్తున్నాను. ఎవరో ఒక మంచి మనిషి వచ్చి మంచి పని మొదలుపెట్టాడు, సరే. ఆయన వెళ్ళిపోయాక ఆ పని ఎవరు నడుపుతారు?

మా రోజుల్లో ఆగస్టు పదిహేనుకో, ఎవరో నాయకుడి పుట్టినరోజుకో హాస్టల్ గేటు ముందు కారు ఆగేది. తలా ఒక అరటిపండు, ఒక బ్రెడ్ ప్యాకెట్. ఒకసారి ఫొటో సరిగా రాలేదని మా చేతుల్లోని పండ్లు వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. అప్పటికే తొక్క ఒలిచేసినవాళ్ళను వెనక వరుసలోకి పంపారు. ఇప్పటికీ పాత మిత్రులం కలిస్తే ఈ మాట చెప్పుకుని నవ్వుకుంటాం. దాని పక్కన ఇంకొక లెక్క పెట్టి చూడండి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ళ మెస్ చార్జీలు పెంచింది. 8 నుంచి 10వ తరగతి వరకు నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది. అంటే రోజుకు సుమారు 51 రూపాయలు. పెరిగింది రోజుకు 15 రూపాయల లోపే. ఈ ధరల్లో అది కూడా చాలదని మీరంటే నేను కాదనను. అయినా ఆ పదిహేను రూపాయలు ఫొటో అడగవు. రాష్ట్రంలోని ప్రతి హాస్టల్‌కూ వర్తిస్తాయి, ఆదివారం కూడా. రావడం ఆలస్యమైతే అడగడానికి మనకు ఒక జీవో ఉంది. పండు ఇవ్వలేదేమని ఎవరిని అడుగుతాం?

అలాగని దాతలంతా పండ్ల బుట్టలు పట్టుకుని వచ్చేవాళ్ళే అనుకోకూడదు. మన చుట్టుపక్కలే, నాగపూర్ హైవేకూ కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారికీ మధ్యనున్న కాస్త జాగాలోనే, దేశమంతా చెప్పుకోదగ్గ పనులు జరిగాయి. మనం బస్సులో రోజూ ఆ గేట్ల ముందునుంచే వెళ్తుంటాం.

ఘనపూర్: ఇంటింటి లెక్క

మేడ్చల్ మండలం ఘనపూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. కళాశాల 2002లో వచ్చింది. దాని వెనుక ఉన్న సేవాసంస్థ పేరు షేర్ ఇండియా. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గుండె జబ్బుల ప్రొఫెసర్‌గా పనిచేసిన డాక్టర్ పి.ఎస్. రెడ్డి దీనికి మూలపురుషుడు. అక్కడ స్థిరపడ్డ మన డాక్టర్లు కొందరు ఆయనకు తోడయ్యారు. విదేశాల్లో సంపాదించినవాళ్ళు సొంత ఊళ్ళో గుడికో, బడి గేటుకో డబ్బు ఇవ్వడం మనకు కొత్త కాదు. వీళ్ళు చేసినదాంట్లో విశేషమేమిటంటే, 1990లలో మేడ్చల్ మండలంలోని పల్లెల్లో 'రీచ్' అనే పేరుతో ఒక ఆరోగ్య పథకం మొదలుపెట్టి ముందుగా ఇళ్ళు లెక్కపెట్టారు.

లెక్కపెట్టడంలో ఏముంది అనిపించవచ్చు. ఉన్నదంతా అందులోనే ఉంది. ఒక ఊళ్ళో ఉచిత వైద్య శిబిరం పెడితే ఎవరు వస్తారు? నడవగలిగినవాళ్ళు, ఆ రోజు కూలి పోయినా ఫరవాలేదనుకున్నవాళ్ళు, మైకు వినిపించినవాళ్ళు. నిజంగా జబ్బుపడి మంచం మీద ఉన్న ముసలమ్మ రాదు. ఎనిమిదో నెల గర్భంతో నాట్లు వేస్తున్న ఆడమనిషి రాదు. సాయంత్రానికి ఇన్ని వందల మందిని చూశామని రాసుకుని జీపు వెళ్ళిపోతుంది. రానివాళ్ళు ఎందరో ఆ కాగితంలో ఉండదు. అదే ప్రతి ఇంటికీ ఒక నంబరు వేసి, ఇంట్లో ఎందరున్నారు, గర్భిణులెవరు, ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు పడాలి అని రాసి పెట్టుకుంటే రానివాళ్ళ పేర్లు కూడా కనిపిస్తాయి. అప్పుడు నర్సమ్మ ఆ గుమ్మం దాకా వెళ్ళగలదు. ఊళ్ళో మనిషినే ఆరోగ్య కార్యకర్తగా పెట్టుకోవడం, ఆమె మీద ఒక ఏఎన్ఎం, వారి వెనక ఆసుపత్రి, వీటన్నిటినీ కలిపే కంప్యూటర్ రికార్డు. పల్లెల్లో ఫోనే అరుదైన రోజుల్లో ఇలా మొదలుపెట్టారు.

ఆ లెక్క తర్వాత ఇంకొక పనికి వచ్చింది. 2009లో షేర్ ఇండియా, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం కలిసి 'లైఫ్' అనే అధ్యయనం మొదలుపెట్టాయి. మేడ్చల్ మండలపు పల్లెల నుంచి 1,227 మంది యువతులను అందులో చేర్చుకున్నారు. ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా గర్భిణి ఆసుపత్రికి వచ్చాక మొదలవుతాయి. ఇక్కడ గర్భం రాకముందో, తొలి నెలల్లోనో మొదలుపెట్టి, తర్వాత తల్లినీ బిడ్డనూ గమనిస్తూ పోయారు. కారణం సులువుగా అర్థమవుతుంది. బిడ్డ రెండు కిలోలతో ఎందుకు పుట్టాడంటే ఆ జవాబు తొమ్మిదో నెలలో దొరకదు. తల్లి పదహారేళ్ళప్పుడు ఏం తిన్నది, ఎన్నో తరగతిలో బడి మానేసింది, ఏ పొయ్యి పొగలో వంట చేసింది, రక్తం ఎంత ఉంది, ఇవన్నీ చూడాలి. ఆరోగ్యానికీ చదువుకూ వేర్వేరు శాఖలు ఉన్నాయి కానీ ఆడపిల్ల ఒంట్లో అవి వేర్వేరుగా లేవు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఇటువంటి పని సర్కారు మొదలుపెట్టడం కష్టం. ఇరవై ఏళ్ళు ఓపిక పట్టాలి, మధ్యలో కలెక్టర్లు మారతారు, మంత్రులు మారతారు. దాత సొమ్ముకు ఆ ఓపిక ఉంటుంది. కానీ ఒక మండలంలో చేయగలిగింది రాష్ట్రమంతా చేయడం ఏ దాత వల్లా కాదు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు. ఈనాడు మీ అమ్మ ఉండే ఊళ్ళో గర్భిణుల జాబితా ఆమె దగ్గరే ఉంటుంది. ఊరి మనిషే ఊరి ఆరోగ్యం చూడాలన్న ఆలోచనను దేశంలో చాలాచోట్ల చిన్న చిన్న సంస్థలు ముందు చేసి చూపించాయి. తర్వాతే అది ప్రభుత్వ పథకమైంది.

దేవరయాంజాల్: దాత పడిపోయినా ఆగని బండి

108 గురించి తెలియనివాళ్ళు మనలో లేరు. దాని ప్రధాన కార్యాలయం మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్‌లో ఉందని మాత్రం చాలామందికి తెలియదు. అంతకుముందు పల్లెలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆటో, ట్రాక్టర్, లేదంటే మంచం తిరగేసి నలుగురు మోయడమే. ఆసుపత్రుల అంబులెన్సులు ఉండేవి కానీ వాటిని ఎక్కువగా శవాలను ఇంటికి చేర్చడానికే చూసేవాళ్ళం. 2005లో సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు, ఆయన కుటుంబం ఈఎంఆర్ఐ అనే సంస్థ పెట్టి 108 సేవ ప్రారంభించారు. ఒక్క నంబరు. ఎక్కడి నుంచి చేసినా కాల్ ఒకేచోటికి వస్తుంది, దగ్గర్లో ఉన్న బండిని పంపుతారు, బండిలో శిక్షణ పొందిన మనిషి ఉంటాడు, దారిలోనే చికిత్స మొదలవుతుంది. డబ్బు అడగరు. కులం అడగరు.

మొదట్లో ఇది పూర్తిగా దాతల పని. బండ్లు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, ప్రభుత్వం చేయి కలిపింది. 2008 నాటికి నిర్వహణ ఖర్చులో 95 శాతం దాకా ప్రభుత్వమే పెట్టుకునే ఒప్పందం కుదిరింది. నిర్వహించేది సంస్థ, డబ్బు మాత్రం జనం కట్టిన పన్నులది. ఈ చిన్న మార్పు ఎంత పెద్దదో కొన్ని నెలల్లోనే తెలిసింది. 2009 జనవరి 7న రామలింగరాజు తన కంపెనీ లెక్కల్లో వేల కోట్ల తప్పులు ఉన్నాయని ఉత్తరం రాసి రాజీనామా చేశారు. తర్వాత జైలుకు వెళ్ళారు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: ఇక 108 పని అయిపోయిందా? అవలేదు. బండ్లు తిరుగుతూనే ఉన్నాయి, డీజిల్ పోస్తూనే ఉన్నారు. ఎందుకంటే అప్పటికే ఆ డీజిల్ డబ్బు ఒక ఇంటి నుంచి రావడం లేదు. ఆ ఏడాదే జీవీకే సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకుంది. ఇప్పుడు ఆ సంస్థ పేరు ఈఎంఆర్ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్. పేర్లు మారాయి, బండి మీద అంకె మారలేదు.

రామలింగరాజు మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ హాస్టల్ వరండాలో ఎన్ని రాత్రులైనా సాగుతుంది. దానికి కోర్టులున్నాయి. మన ప్రశ్నకు మాత్రం 108 దగ్గర స్పష్టమైన జవాబు దొరుకుతుంది.

అత్వెల్లి, తుర్కపల్లి: చుక్కల మందు కథ

మేడ్చల్ మండలం అత్వెల్లిలో శాంతా బయోటెక్నిక్స్, శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్. రెండూ వ్యాపార సంస్థలే, ధర్మసంస్థలు కావు. మరి ఈ వ్యాసంలో వాటికి పనేమిటి? ఉంది. పేదవాళ్ళకు వచ్చే జబ్బులకు మందు తయారుచేయడానికి పెద్ద కంపెనీలు ముందుకు రావు. కొనేవాడి దగ్గర డబ్బు ఉండదు కదా. ఆ ఖాళీలోకి దాతల సొమ్ము ఎలా వస్తుందో చూడాలంటే ఈ రెండు గేట్ల దగ్గరే చూడాలి.

శాంతాను 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి తన తల్లి పేరు మీద స్థాపించారు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వైరస్‌కు అప్పట్లో విదేశీ టీకాయే దిక్కు. ఒక్కో డోసు వందల రూపాయలు. కూలివాడి బిడ్డకు అది అందే మాట కాదు. 1997 ఆగస్టులో శాంతా సొంత టీకా విడుదలైంది, ధర సుమారు 50 రూపాయలు. తర్వాత భారత్ బయోటెక్, ఇంకొన్ని కంపెనీలు కూడా రంగంలోకి దిగాక ధర ఇంకా తగ్గింది. ఇది దానంతో జరిగింది కాదు, పోటీతో జరిగింది.

దానం పాత్ర రోటావైరస్ టీకాలో కనిపిస్తుంది. చంటిపిల్లలకు వచ్చే ప్రాణాంతకమైన విరేచనాలకు ఈ వైరస్ ప్రధాన కారణం. టీకా రాకముందు దేశంలో ఏటా సుమారు 78 వేల మంది పసివాళ్ళు దీనివల్ల చనిపోతున్నారని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980ల మధ్యలో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం ఒక వింత గమనించింది. కొందరు నవజాత శిశువులకు ఈ వైరస్ సోకింది, కానీ జబ్బు రాలేదు. ఆ వైరస్ రకాన్నే టీకాగా మార్చవచ్చునని తోచింది. తోచడానికీ చుక్కల మందు కావడానికీ మధ్య పాతికేళ్ళు పట్టింది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ సంస్థలు, గేట్స్ ఫౌండేషన్ డబ్బు పెట్టాయి. తయారీ భారత్ బయోటెక్‌ది. చివరి దశ పరీక్షల్లో ఢిల్లీ, పుణె, వేలూరు కేంద్రాల్లో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సుమారు 56 శాతం తగ్గించిందని 2013లో తేలింది. ఆ డబ్బుకు బదులుగా కంపెనీ ఇచ్చిన మాట ఒకటుంది: ప్రభుత్వాలకు డోసు ఒక డాలరుకే అమ్మాలి. దానం చేసినవాడు బిల్డింగు మీద పేరు కాకుండా ధర మీద మాట తీసుకున్నాడు. ఇది నాకు నచ్చిన బేరం. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో జాతీయ టీకాల కార్యక్రమంలో ఇది చేరింది. 2019లో తెలంగాణకూ రోటావైరస్ టీకా వచ్చింది. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో మీ ఇంటి బిడ్డకు సర్కారు దవాఖానలో ఉచితంగా వేస్తున్నది రోటావైరస్ టీకాయే.

ఇక కలరా టీకా కథలో మన ప్రశ్నకు చేదు జవాబు ఉంది. కలరా అంటే పాతకాలపు జబ్బు అనుకుంటాం. ఆఫ్రికాలో, యుద్ధాలు జరిగేచోట, వరదలు వచ్చినచోట ఇప్పటికీ అది ఊళ్ళను తుడిచిపెడుతోంది. దక్షిణ కొరియాలోని అంతర్జాతీయ వ్యాక్సిన్ సంస్థ గేట్స్ ఫౌండేషన్ సాయంతో ఒక చౌక టీకాను తీర్చిదిద్దింది. కోల్‌కతా బస్తీల్లో 60 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షల్లో అది నిలబడింది. తయారీ పరిజ్ఞానాన్ని శాంతాకు ఇచ్చారు. 'శాంకాల్' పేరుతో 2009లో అనుమతి వచ్చింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. మరుసటి ఏడాది హైతీ దేశంలో సుమారు లక్ష మందికి ఇచ్చారు. మేడ్చల్ పేరు హైతీలో ఎవరికీ తెలియకపోవచ్చు, మందు మాత్రం ఇక్కడిది.

కానీ శాంతా 2009లోనే ఫ్రాన్సుకు చెందిన సనోఫీ చేతిలోకి వెళ్ళింది. 2020లో సనోఫీ ఈ టీకా తయారీ మానేస్తామని ప్రకటించింది. 2023 చివరికి సరఫరా ఆగిపోయింది. ఆ మధ్యకాలంలోనే ప్రపంచమంతా కలరా మళ్ళీ పెరిగింది. ఉన్న డోసులు సరిపోక 2022 అక్టోబరులో మనిషికి రెండు డోసులకు బదులు ఒక్కటే ఇవ్వాలని అంతర్జాతీయ సంస్థలు నిర్ణయించాయి. దాతల డబ్బుతో తయారైన పరిజ్ఞానం, బస్తీల జనం చేతులు చాపి పాల్గొన్న పరీక్షలు, అన్నీ ఉన్నా, ఫ్యాక్టరీ నడపాలా వద్దా అన్న మాట కంపెనీ బోర్డు గదిలో తేలిపోయింది. లాభం లేని వస్తువును వ్యాపారి ఎందుకు తయారుచేయాలని అడిగితే ఆయన వైపు నుంచి తప్పేమీ లేదు. డబ్బు ఇచ్చిన రోజునే 'నువ్వు మానేస్తే ఇంకెవరు చేయాలి' అని రాసుకోవలసింది. కొరియా కంపెనీ ఒకదానికి కూడా అదే పరిజ్ఞానం ముందే ఇచ్చి ఉంచారు కాబట్టి ప్రపంచానికి కొంతైనా మందు మిగిలింది. 2024 ఆగస్టులో భారత్ బయోటెక్ 'హిల్‌కాల్' అనే కొత్త కలరా టీకాను విడుదల చేసింది. దీని వెనుక ఉన్న హిల్‌మాన్ లేబొరేటరీస్‌లో బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ, ఎంఎస్‌డీ అనే మందుల కంపెనీ భాగస్వాములు. నాగపూర్ రోడ్డు మీద ఆగిన పని రాజీవ్ రహదారి మీద మొదలైందన్నమాట.

ఖమ్మంలో సంతకం పెట్టింది ఎవరు?

ఇప్పుడు మన ప్రాంతం దాటి ఒకసారి ఖమ్మం జిల్లాకు వెళ్ళాలి. దాత వెళ్ళాక సంగతి ఇంతసేపూ మాట్లాడాం. దాత వచ్చేటప్పుడు మనల్ని అడిగాడా అన్నది ఇంకొక ప్రశ్న. అది హాస్టల్ పిల్లలకే ఎదురైంది కాబట్టి వదిలిపెట్టి పోలేను.

2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా ఇది. 'పాత్' అనే అమెరికా సేవాసంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం, గేట్స్ ఫౌండేషన్ డబ్బు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాగే జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. టీకా చాలా దేశాల్లో వాడుకలో ఉన్నదే, క్యాన్సర్‌ను ఆపగలదన్నదీ నిజమే. గొడవ మందు గురించి కాదు.

గొడవ అంగీకార పత్రాల గురించి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ లెక్క ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో 9,543 పత్రాలు చూస్తే 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన, దళిత కుటుంబాలవాళ్ళు. తల్లిదండ్రులు ఊళ్ళో ఉన్నారు, పిల్ల హాస్టల్లో ఉంది, సంతకం వార్డెన్‌ది. హాస్టల్లో పిల్లలు ఒకేచోట దొరుకుతారు, వరుసగా నిలబడమంటే నిలబడతారు, ప్రశ్నలు అడగరు. పరిశోధకుడికి ఇంతకంటే సౌకర్యం ఏముంటుంది? ఈ మాట రాస్తుంటే నాకు మా గేటు దగ్గరి అరటిపండ్ల వరుస గుర్తుకు వస్తున్నది, రెండింటికీ పోలిక లేకపోయినా.

ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల మీద పరిశోధన అంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. ఏడేళ్ళు దాటిన పిల్లలకు నోటిమాటగా చెప్పి వాళ్ళు సరేననాలి. పన్నెండు దాటితే పిల్లలే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంటే ఏడో తరగతి నుంచి మీ సంతకానికి విలువ ఉంది. రేపు ఎవరైనా హాస్టల్‌కు వచ్చి రక్తం తీసుకుంటామంటే, ఇది చికిత్సా పరిశోధనా అని అడగండి. ఫలితం మాకు చెబుతారా అని అడగండి. అమ్మానాన్నలకు ఫోన్ చేయమనండి. అలా అడిగితే సార్ ఏమనుకుంటారో అన్న భయం వద్దు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, జవాబు కూడా అంతే. మంచి సంస్థ అయితే మీరు అడిగినందుకు సంతోషిస్తుంది.

పదకొండున్నర పౌండ్లు

చదువు సంగతికి వస్తాను. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. బదులుగా బరోడా సంస్థానంలో పదేళ్ళు ఉద్యోగం చేస్తానని ఒప్పందం. ఆ సాయం లేకపోతే చరిత్ర ఇంకోలా ఉండేది. కాని 1917లో ఆ ఉద్యోగానికే బరోడా వెళ్తే ఆయనకు ఉండటానికి గది దొరకలేదు. రాజు దయ గలవాడే, ఊరికి ఆ దయ లేదు. ఒక మనిషి ఇచ్చే సాయానికి ఉండే హద్దు ఆయనకు అక్కడ స్వయంగా తెలిసింది.

ఆయన ఆ తర్వాత చేసింది చూడండి. 1942లో వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడయ్యాక, షెడ్యూల్డు కులాల విద్యార్థుల పై చదువులకు కేంద్ర ఖజానా నుంచి డబ్బు కేటాయించాలని పట్టుబట్టారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. ఇంటర్ నుంచి మీ ఖాతాలో పడేది అదే పథకం. ఆలస్యంగా పడుతుందా? పడుతుంది, అందరికీ అనుభవమే. దాని కోసం ధర్నా చేశామంటే అది హక్కు కాబట్టి చేశాం. మహారాజు మీద ధర్నా చేయడం కుదరదు.

మన హైదరాబాదులోనూ ఇదే జరిగింది. 1906లో జగన్ మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి నగరంలో దళిత పిల్లలకు బడులు తెరిచారు. చందాలతో, స్నేహితుల సాయంతో నడిపారు. 1930లలో ఆ బడులను నిజాం ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. ఆయన చందా పుస్తకం పట్టుకుని తిరగకపోతే ఆ బడులు పుట్టేవి కావు. ఆయన 1939లో కన్నుమూశారు, అప్పటికి వాటి భారం చందాల మీద లేదు.

మరి మన పాత విద్యార్థుల సంఘం ఏం చేయాలి? ఏటా వార్షికోత్సవానికి ఫ్యాన్లు, ప్లేట్లు, వాటర్ ఫిల్టర్ ఇస్తున్నాం. ఫిల్టర్ క్యాండిల్ మార్చడానికి మరుసటి ఏడాది డబ్బు లేక మూలన పడుతోంది, ఇది మీకే తెలుసు. ఫ్యాన్లు, ఫిల్టర్లు సంక్షేమ శాఖ ఇవ్వవలసినవి. వాటికోసం దరఖాస్తు రాయడంలో, వెంటపడటంలో మనం సాయం చేద్దాం. మన డబ్బుతో శాఖ చేయని పనొకటి చేద్దామని నా ప్రతిపాదన. ఘనపూర్ వాళ్ళు పల్లెలో చేసినట్టే మన హాస్టల్లోనూ ఒక ఆరోగ్య రిజిస్టర్ పెట్టడం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. బడిలో వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. చాలామంది వాంతి వస్తుందని కిటికీలోంచి విసిరేస్తారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వస్తుంది, అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి రాదు, ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు లేరు. ప్రభుత్వ బాలల ఆరోగ్య బృందాలు బడికి వచ్చి పరీక్షలు చేసి చీటీ రాసి వెళ్తాయి. కళ్ళద్దాలు కావాలని రాసిన చీటీ పెట్టెలోనే ఉండిపోతుంది, పిల్లవాడు బోర్డు కనిపించక వెనక బెంచీలో కూర్చుని లెక్కల్లో తప్పుతాడు.

రిజిస్టర్‌కు పెద్ద ఖర్చు లేదు. పేరు, తరగతి, ఎత్తు, బరువు, రక్తం ఎంత, కంటి చూపు, చీటీలో ఏం రాశారు, ఎప్పుడు తీసుకెళ్ళాం, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి. ఏడాదికి రెండుసార్లు, జూలైలో, జనవరిలో నింపాలి. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే ఆ పేరు కింద గీత గీసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ఎవరి లెక్క వాళ్ళకూ ఇంట్లోవాళ్ళకూ తప్ప ఇంకెవరికీ చూపించకూడదు. బస్సు చార్జీలు, తోడు వెళ్ళే మనిషి, రాసే పుస్తకం, వీటికి మాత్రం సంఘం డబ్బు ఇస్తుంది. మందులు, అద్దాలు సర్కారు దవాఖాన నుంచే రావాలి, రాకపోతే అడుగుదాం.

పుస్తకం వార్డెన్ గారి బీరువాలో పెడితే ఆయన బదిలీ అయిన రోజే అది కూడా బదిలీ అవుతుంది. సంఘం కార్యదర్శి దగ్గర పెడితే ఆయన ఉద్యోగం, సంసారం ఆయనవి. అందుకని తొమ్మిదో తరగతి నుంచి ఇద్దరిని ఎన్నుకుని వాళ్ళకు అప్పగించాలి. వాళ్ళు పదిలోకి వెళ్ళాక, పరీక్షలకు ముందు సంక్రాంతి సెలవుల నుంచి రాగానే, కింది తరగతిలో ఇద్దరిని కూర్చోబెట్టి ఎత్తు ఎలా కొలవాలో, చీటీ ఎలా చదవాలో నేర్పి పుస్తకం ఇచ్చి వెళ్ళాలి. మొదటి పుస్తకం, ఒక బరువు యంత్రం, ఎత్తు కొలిచే టేపు ఈ వార్షికోత్సవం నాడే తెస్తున్నాను. తొమ్మిదో తరగతివాళ్ళు ఇద్దరి పేర్లు ముందే ఆలోచించి పెట్టుకోండి.